వియత్నాంలో అమెరికా జోక్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రెంచివాళ్లు వదిలిపోయిన వలసలో కమ్యూనిజం పాకకుండా చూడాలని అమెరికా దిగింది. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఇరుక్కుంది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, హో చి మిన్ సిటీ టూరుకు వెళ్లొచ్చాక అక్కడ చూసినదాని వెనక కథ ఏమిటని వెతికేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. చాలామంది నేరుగా సొరంగాలు, బాంబుల దగ్గరికి వెళ్తారు. ముందు కౌలు గురించిన జవాబు చదవండి. అది తెలియకపోతే మిగతావన్నీ సినిమా యుద్ధంలాగే కనిపిస్తాయి.

యుద్ధం ఏ ఏడాది మొదలైంది? ఒక్కో పుస్తకంలో ఒక్కో తేదీ ఎందుకుంది?

ఎవరి లెక్క అన్నదాన్ని బట్టి మారుతుంది. ఫ్రెంచివాళ్లతో పూర్తిస్థాయి యుద్ధం 1946 డిసెంబరులో మొదలైంది. అమెరికా డబ్బు, ఆయుధాలు ఫ్రెంచివాళ్లకు అందడం 1950లో మొదలైంది. అమెరికా రక్షణ శాఖ అధికారికంగా చెప్పే తేదీ 1955 నవంబరు 1. పోరాట దళాలు దిగింది మాత్రం 1965 మార్చి 8న. ఆ రోజు దానాంగ్ తీరంలో 3,500 మంది మెరీన్లు ఒడ్డుకు చేరారు. పరీక్షలో ‘జోక్యం ఎప్పుడు’ అని అడిగితే డబ్బా, సలహాదారులా, దళాలా అని చూసుకుని రాయాలి.

వలస పాలనను ఎదిరించినవాళ్లలో కమ్యూనిస్టులకే అంత బలం ఎలా వచ్చింది? వేరే జాతీయవాదులు లేరా?

ఉన్నారు. వాళ్లలో గట్టివాళ్లను ఫ్రెంచివాళ్లే తుడిచిపెట్టారు. 1930 ఫిబ్రవరిలో యెన్ బాయ్ కోటలో తిరుగుబాటు చేసిన జాతీయవాద పార్టీ నాయకులను అదే ఏడాది జూన్‌లో గిలటిన్ ఎక్కించారు. బహిరంగ రాజకీయాలకు చోటు లేనిచోట రహస్యంగా పనిచేయడం వచ్చినవాళ్లే మిగులుతారు. వియత్నాంలో మిగిలింది కమ్యూనిస్టులు.

రెండో కారణం కరువు. ఉప్పు, సారా, నల్లమందు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం ముందునుంచే ఉంది. ఉప్పు పన్ను అంటే ఏమిటో మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. దానికితోడు 1940 నుంచి జపాన్ సైన్యం వచ్చి కూర్చుంది. వడ్లు బలవంతంగా సేకరించారు, కొన్నిచోట్ల వరి పీకించి జనుము వేయించారు. బాంబుదాడులతో దక్షిణాది బియ్యం ఉత్తరానికి చేరలేదు. 1944-45లో ఉత్తరాన కనీసం నాలుగు లక్షల మంది ఆకలితో పోయారు, వియత్నాం చెప్పే లెక్క 20 లక్షలు. ఆ నెలల్లో ఊళ్లలోకి వచ్చి ధాన్యం గిడ్డంగులు పగలగొట్టించింది కమ్యూనిస్టు నాయకుడు హో చి మిన్ నడిపిన వియత్ మిన్ కూటమి. కడుపు మాడినప్పుడు గింజలు పంచినవాడి పార్టీ ఏమిటని ఎవరూ అడగలేదు.

భారత సైనికులు వియత్నాంలో పోరాడారంటారు, నిజమేనా?

నిజమే. దీన్ని మన పాఠ్యపుస్తకాలు దాదాపు వదిలేశాయి. 1945 సెప్టెంబరులో జపాన్ సైన్యం నుంచి ఆయుధాలు తీసుకోవడానికి సైగాన్‌లో (ఇప్పటి హో చి మిన్ సిటీ) దిగింది బ్రిటిష్ జనరల్ డగ్లస్ గ్రేసీ కింద ఉన్న 20వ భారత డివిజన్. 16వ అక్షాంశానికి దక్షిణాన ఉన్న భాగం వాళ్ల బాధ్యత. గ్రేసీ అక్కడితో ఆగలేదు. ఖైదులో ఉన్న ఫ్రెంచి సైనికులను విడిపించి ఆయుధాలిచ్చాడు. వాళ్లు సెప్టెంబరు 23న సైగాన్ పాలనా భవనాలను పట్టుకున్నారు. తిరగబడిన వియత్ మిన్ మీద భారత దళాలనే కాదు, ఓడిపోయిన జపాన్ సైనికులను కూడా వాడాడు. స్వాతంత్ర్యం కోసం కొట్లాడుతున్న దేశపు సైనికులను ఇంకో దేశపు స్వాతంత్ర్యం మీదికి ఉసిగొల్పడాన్ని నెహ్రూ బహిరంగంగానే ఖండించారు. 1946 మొదటి నెలల్లో ఆ డివిజన్ వెనుదిరిగింది. పగ్గాలు ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చేశాయి.

మొదట అమెరికా హో చి మిన్‌కు సాయం చేసిందా?

చేసింది. 1945 జులైలో అమెరికా గూఢచారి విభాగం ఓఎస్‌ఎస్ మనుషులు పారాచూట్లతో దిగి వియత్ మిన్ దళానికి శిక్షణ ఇచ్చారు. అప్పటి ఉమ్మడి శత్రువు జపాన్. సెప్టెంబరు 2న హనోయ్ బాదిన్ మైదానంలో హో చి మిన్ చదివిన స్వాతంత్ర్య ప్రకటన మొదలయ్యేదే అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలోని మాటలతో. ఆ తర్వాత ఆయన అధ్యక్షుడు ట్రూమన్‌కు రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు.

ట్రూమన్‌కు కావలసింది ఐరోపాలో సోవియట్లకు ఎదురు నిలిచే ఫ్రాన్స్. ఫ్రాన్స్‌కు కావలసింది వలస. 1949లో చైనా కమ్యూనిస్టుల చేతికి వెళ్లడం, 1950 జూన్‌లో కొరియా యుద్ధం రావడంతో లెక్క తేలిపోయింది. 1954 నాటికి ఫ్రెంచి యుద్ధ ఖర్చులో సుమారు 80 శాతం అమెరికాదే. ఆ ఏప్రిల్ 7న పత్రికల సమావేశంలో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ డామినో పోలిక చెప్పాడు: వరసలో మొదటి బిళ్ల పడితే చివరిది కూడా పడుతుందని. సరిగ్గా నెల తర్వాత, మే 7న, 56 రోజుల ముట్టడి ముగిసి దియెన్ బియెన్ ఫూలో ఫ్రెంచివాళ్లు లొంగిపోయారు.

17వ అక్షాంశమా, 38వ అక్షాంశమా?

38 కొరియాది, 17 వియత్నాంది. 1954 జులై జెనీవా ఒప్పందంలో 17 పెట్టారు. అది సరిహద్దు కాదు, సైన్యాలు విడిపోవడానికి గీసిన తాత్కాలిక గీత. ఉత్తరాన హనోయ్‌లో హో చి మిన్ ప్రభుత్వం, దక్షిణాన సైగాన్‌లో అమెరికా మద్దతున్న ప్రభుత్వం. 300 రోజుల్లో ఎవరు ఎటు కావాలంటే అటు వెళ్లొచ్చన్నారు. ఎనిమిది లక్షలకు పైగా జనం, ఎక్కువమంది క్యాథలిక్కులు, దక్షిణానికి వచ్చారు. వాళ్లలో సుమారు 3,10,000 మందిని చేరవేసింది అమెరికా నౌకలే.

1956 జులైలో దేశమంతటికీ ఒకే ఎన్నిక జరగాలి. జరగలేదు. ఎన్నిక మాట ఉన్న జెనీవా తుది ప్రకటనకు అమెరికా గానీ, సైగాన్ ప్రభుత్వం గానీ ఒప్పుకోలేదు. ఉత్తరాన స్వేచ్ఛగా ఓటు వేయనివ్వరని వాళ్లు చెప్పిన కారణం పూర్తిగా అబద్ధమూ కాదు. కానీ అసలు భయం వేరు. యుద్ధం సాగిన రోజుల్లో ఎన్నిక పెట్టి ఉంటే ఫ్రెంచివాళ్లు నిలబెట్టిన పాత చక్రవర్తి బావో దాయ్ మీద హో చి మిన్‌కు 80 శాతం ఓట్లు పడేవేమోనని ఐసెన్‌హోవరే తర్వాత రాశాడు.

ఇందులో భారత్ పాత్ర ఏమిటి?

జెనీవా ఒప్పందం అమలును చూసే అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్ష దేశం మనది. మిగతా ఇద్దరు సభ్యులు కెనడా, పోలండ్. కెనడా ఒకవైపు, పోలండ్ ఇంకోవైపు లాగుతుంటే ఓటు తేల్చేది భారత ప్రతినిధి. 1962 జూన్ నివేదికలో భారత్, కెనడా కలిసి రెండు వైపులా తప్పుపట్టాయి: ఉత్తరం మనుషులను, ఆయుధాలను దక్షిణానికి పంపుతోంది, దక్షిణం అమెరికాతో ఆచరణలో సైనిక కూటమి కట్టింది అని. పోలండ్ ఒప్పుకోలేదు. కమిషన్‌కు రాసే అధికారం ఉంది, ఆపే అధికారం లేదు. 1972 జనవరిలో భారత్ హనోయ్‌తో సంబంధాన్ని రాయబారి స్థాయికి పెంచడంతో సైగాన్ అలిగింది.

కలకత్తాలో అమెరికా కాన్సులేట్ ఉన్న హారింగ్టన్ వీధికి అప్పటి వామపక్ష ప్రభుత్వం హో చి మిన్ సరణి అని పేరు మార్చింది. చిరునామా ఇప్పటికీ అదే.

దక్షిణ వియత్నాంలో డియెం ప్రభుత్వానికి అంత డబ్బు పోసినా పల్లెలు ఎందుకు చేజారాయి?

కౌలు వల్ల. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

మెకాంగ్ డెల్టాలో ఎక్కువమంది కౌలురైతులు. పంటలో సగం దాకా భూస్వామికి కొలవాలి. ఫ్రెంచి యుద్ధకాలంలో భూస్వాములు ప్రాణభయంతో సైగాన్ పారిపోయారు. వాళ్ల పొలాలను వియత్ మిన్ దున్నేవాళ్లకు పంచింది, లేదా కౌలు బాగా తగ్గించింది. అంటే 1954 నాటికి చాలామంది రైతులు ఏళ్ల తరబడి కౌలు కట్టకుండా, లేదా నామమాత్రంగా కట్టి సాగు చేసుకుంటున్నారు.

అమెరికా నిలబెట్టిన ఙో దిన్ డియెం వచ్చి ‘సంస్కరణ’ తెచ్చాడు. కౌలు పంటలో 25 శాతం మించకూడదు. కాగితం మీద మంచి చట్టమే. కానీ ఏమీ కట్టని రైతుకు 25 శాతం అంటే కొత్త పన్ను. పారిపోయిన భూస్వామి పోలీసులను వెంటేసుకుని ఊళ్లోకి వచ్చి పాత బకాయిలు కూడా అడిగాడు. 1956 అక్టోబరులో భూపరిమితి పెట్టారు, 100 హెక్టార్లు. మన లెక్కలో 247 ఎకరాలు! అమెరికా మద్దతుతోనే తైవాన్‌లో కౌలుకిచ్చే భూమికి పెట్టిన పరిమితి సుమారు 3 హెక్టార్లు. డియెం పరిమితి తర్వాత పంచడానికి మిగిలిన భూమే తక్కువ, దానికి కూడా రైతు వాయిదాల్లో డబ్బు కట్టాలి. ఒకప్పుడు ఉచితంగా వచ్చిన పొలాన్ని మళ్లీ కొనుక్కోమన్నమాట.

అదే ఏడాది గ్రామసభల ఎన్నికలు రద్దు చేసి ఊరి పెద్దలను పైనుంచి నియమించాడు. ఫ్రెంచివాళ్లు కూడా ఊరి మండలిని అంతగా కదపలేదు. వచ్చినవాళ్లలో చాలామంది ఉత్తరాది నుంచి తరలివచ్చిన క్యాథలిక్కులు, ఊరికి పరాయివాళ్లు. 1959లో వచ్చిన 10/59 చట్టం సైనిక న్యాయస్థానాలకు మరణశిక్ష వేసే అధికారమిచ్చింది. 1960 డిసెంబరు 20న జాతీయ విమోచన ఫ్రంట్ ఏర్పడే నాటికి ఊళ్లలో వినేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. ‘వియత్ కాంగ్’ అన్నది వాళ్లు పెట్టుకున్న పేరు కాదు, సైగాన్ ప్రభుత్వం తగిలించింది.

తెలంగాణ సాయుధ పోరాటం, దున్నేవాడికే భూమి నినాదం తెలిసినవాళ్లకు ఇదంతా కొత్తగా ఉండదు. చివరికి సైగాన్ ప్రభుత్వమే అదే పేరుతో చట్టం చేసింది. దాని ప్రకారం దున్నేవాడికి డెల్టాలో 3 హెక్టార్ల దాకా ఉచితం, భూస్వామికి పరిహారం సర్కారు ఇస్తుంది. చాలా మంచి చట్టం. తేదీ చూడండి: 1970 మార్చి 26. పదిహేనేళ్లు ఆలస్యం.

ఉత్తరాది భూసంస్కరణ ఆదర్శం అనుకోకండి. 1953-56 మధ్య అక్కడ ‘భూస్వాములు’గా ముద్రవేసి వేలమందిని చంపారు. మధ్యతరగతి రైతులూ బలయ్యారు. 1956లో ప్రభుత్వమే తప్పు ఒప్పుకోవలసి వచ్చింది.

మలయాలో బ్రిటిష్‌వాళ్లు గెలిచిన పద్ధతి ఇక్కడ ఎందుకు పనిచేయలేదు?

మలయాలో (ఇప్పటి మలేసియా) కమ్యూనిస్టు తిరుగుబాటును అణచడానికి 1948 నుంచి 1960 దాకా అత్యవసర పరిస్థితి నడిచింది. అక్కడి పద్ధతి ఇదీ: అడవి అంచున పట్టా లేకుండా బతుకుతున్న సుమారు అయిదు లక్షల మందిని, ఎక్కువగా చైనీయులను, ముళ్లకంచె వేసిన నాలుగు వందలకు పైగా కొత్త ఊళ్లలోకి మార్చారు. బియ్యానికి రేషన్ పెట్టారు. కొన్నిచోట్ల బియ్యం చేతికివ్వకుండా ఉమ్మడి వంటశాలలో వండి అన్నమే ఇచ్చారు. ఆ వేడికి అన్నం త్వరగా పాచిపోతుంది కాబట్టి అడవిలో దాచిపెట్టలేరు. డబ్బా ఆహారం అమ్మేటప్పుడు దుకాణదారు కొనేవాడి ముందే డబ్బాకు చిల్లు పొడవాలి, కారణం అదే. తోట కూలీల లైన్ల చుట్టూ కూడా కంచెలు వచ్చాయి. ఆ కూలీలలో తమిళులతోపాటు మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు.

మలయాలో అనుభవం ఉన్న రాబర్ట్ థాంప్సన్ 1961లో సలహాదారుగా సైగాన్ వచ్చాడు. 1962 మార్చిలో బెన్ కాట్ దగ్గర ‘సన్‌రైజ్’ పేరుతో మొదటి వ్యూహాత్మక పల్లె పని మొదలుపెట్టారు. 205 కుటుంబాలలో ఇష్టపడి వచ్చినవి 70. మిగతా 135 కుటుంబాలను తుపాకులు చూపించి తోలుకొచ్చి పాత ఇళ్లు తగలబెట్టారు. కుటుంబానికి సుమారు 21 డాలర్ల పరిహారం అనుకున్నారు. కానీ పారిపోరని నమ్మకం కుదిరేదాకా ఇవ్వకుండా ఆపారు.

తేడాలు చూస్తే విషయం అర్థమవుతుంది. మలయాలో మార్చింది పట్టా లేనివాళ్లను, మార్చాక పట్టా ఇచ్చారు. వియత్నాంలో మార్చింది తాతముత్తాతల సమాధులు పొలం గట్టునే ఉన్న రైతులను. మలయా గెరిల్లాలు చాలావరకు ఒకే జాతివాళ్లు, ముఖం చూసి పోల్చవచ్చు. ఇక్కడ కంచె లోపల, బయట ఒకే కుటుంబం. మలయాకు కమ్యూనిస్టు పొరుగుదేశం లేదు. అన్నిటికీ మించి, 1957లో స్వాతంత్ర్యం ఇచ్చేయడంతో అక్కడి తిరుగుబాటుకు కారణమే పోయింది.

పైగా తొందర. 1963 జులై నాటికి 7,205 పల్లెల్లో 85 లక్షల మంది ఉన్నారని సైగాన్ ప్రకటించింది. మలయాలో ఏళ్లు పట్టిన పనికి ఎన్నో రెట్లు పని కాగితం మీద పూర్తయింది. చాలాచోట్ల కంచె ఉంది, కాపలా లేదు. ఇంతకీ ఆ తొందరపెట్టిన అధికారుల్లో కర్నల్ ఫామ్ ఙాక్ థావ్ ఒకడు. ఆయన రహస్యంగా కమ్యూనిస్టుల మనిషి.

టోంకిన్ సింధుశాఖలో దాడి నిజంగా జరిగిందా?

1964 ఆగస్టు 2న జరిగింది. మూడు టార్పెడో పడవలు అమెరికా యుద్ధనౌక మాడాక్స్ మీదికి వచ్చాయి. ఆగస్టు 4న రెండో దాడి జరగలేదు. రాత్రి, తుపాను, రాడార్ మీద దొంగ చుక్కలు, అంతే. 2005లో బయటపెట్టిన అమెరికా పత్రాల్లోనే ఇది తేలింది. కానీ ఆగస్టు 7న ప్రతినిధుల సభ 416-0తో, సెనేట్ 88-2తో అధ్యక్షుడు జాన్సన్‌కు యుద్ధాధికారం ఇచ్చేశాయి.

అంత సైన్యం ఉండి నేరుగా హనోయ్ మీదికి ఎందుకు వెళ్లలేదు?

1950లో కొరియాలో ఉత్తర సరిహద్దు దాకా వెళ్తే చైనా సైన్యం దిగింది. ఆ భయం పోలేదు. భయం ఉత్తదీ కాదు: 1965 నుంచి 1968 దాకా చైనా మొత్తం మీద సుమారు 3,20,000 మందిని ఉత్తర వియత్నాంకు పంపింది. రైలుమార్గాలు, రోడ్ల మరమ్మతు, విమాన విధ్వంసక తుపాకులు వాళ్ల పని. క్షిపణులు సోవియట్లవి. ‘విదేశీ జోక్యం’ అన్నప్పుడు ఈ వైపును వదిలేయకూడదు. తేడా ఒకటే, యుద్ధాన్ని నడిపింది మాత్రం హనోయే.

అమెరికా బలం 1969 ఏప్రిల్‌లో 5,43,000కి చేరింది. అమెరికా పక్షాన వచ్చిన దక్షిణ కొరియా దళాలు ఒక దశలో 50,000 దాకా ఉన్నాయి.

‘బాడీ కౌంట్’ అంటే ఏమిటి? అందులో లోపం ఎక్కడుంది?

ఫలానా ఊరు పట్టుకున్నాం అని చెప్పుకునే యుద్ధం కాదిది. పొద్దున పట్టిన గుట్టను సాయంత్రం వదిలేసేవాళ్లు. మరి గెలుపు కొలిచేదెలా? శవాలు లెక్కపెట్టారు. శత్రువు కొత్తగా చేర్చుకునేవాళ్ల కన్నా చంపేవాళ్ల సంఖ్య ఎక్కువైతే ఒక రోజున యుద్ధం దానంతట అదే ముగుస్తుందని అక్కడి అమెరికా దళాల అధిపతి జనరల్ వెస్ట్‌మోర్‌లాండ్ లెక్క.

లోపాలు మూడు. ఉత్తరాన ఏటా సుమారు రెండు లక్షల మంది కుర్రాళ్లు సైనిక వయసుకు వచ్చేవారు, ఆ బావి ఎండదు. ఎప్పుడు తలపడాలో, ఎప్పుడు తప్పుకోవాలో చాలావరకు గెరిల్లాలే నిర్ణయించేవారు, కాబట్టి నష్టాన్ని తగ్గించుకోవడం వాళ్ల చేతిలో ఉంది. మూడోది మనకు బాగా తెలిసిన సర్కారీ రోగం: పైవాడు అంకె అడిగితే కిందివాడు అంకె ఇస్తాడు. అధికారి పదోన్నతి ఆ అంకె మీద ఉంది. యూనిట్ కమాండర్‌కు పోరులో ఉండే గడువు తరచూ ఆరు నెలలే. దాంతో చచ్చిన ప్రతి రైతూ గెరిల్లా అయ్యాడు.

అమెరికా సైనికుల ఎం-16 తుపాకులు మొరాయించాయన్నది నిజమా?

1965-67లో నిజం. తూటాలో మందు రకం మార్చారు, కొత్తదానితో మసి ఎక్కువ, కాల్చే వేగం కూడా పెరిగింది. చాంబర్‌కు క్రోమియం పూత వేయలేదు. ఆ తేమకు లోపల తుప్పు పట్టి కాల్చిన తూటా గుల్ల అతుక్కుపోయేది. శుభ్రం చేయనక్కర్లేని తుపాకీ అన్న ప్రచారం నమ్మి చాలామందికి శుభ్రం చేసే కడ్డీలే ఇవ్వలేదు. కాల్పుల మధ్య గొట్టం మూతిలోంచి కడ్డీ దూర్చి గుల్లను పొడిచి బయటికి నెట్టాలి. కడ్డీ లేనివాడి చేతిలో అది కర్రతో సమానం. 1967లో అమెరికా పార్లమెంటు కమిటీ సైన్యాన్ని గట్టిగా తప్పుపట్టింది. క్రోమియం పూత, కడ్డీలు వచ్చాక తుపాకీ బాగుపడింది.

హో చి మిన్ దారిని బాంబులతో ఎందుకు మూయలేకపోయారు?

ఉత్తరం నుంచి దక్షిణాది దళాలకు మనుషులను, సరుకును చేరవేసిన అది ఒక దారి కాదు. లావోస్, కంబోడియాల మీదుగా చీలుతూ కలుస్తూ మొత్తం వేల కిలోమీటర్ల జాలం. 1959 మేలో మొదలైంది కాబట్టి దాన్ని చూసే దళం పేరు 559. ఒకచోట తెగితే పక్క దారి. రాత్రి ప్రయాణం, పగలు చెట్ల కింద.

తొలిరోజుల్లో మోత మనుషులదీ, సైకిళ్లదీ. కావడి మోసే మనిషి 20-25 కిలోలు తీసుకెళ్తాడు, దారిలో అందులోంచే తినాలి. సైకిలైతే 200 కిలోలు. తొక్కరు, నెట్టుకుంటూ నడుస్తారు. హ్యాండిల్ ఒక కొసకు బారెడు వెదురు కర్ర కట్టి పక్కన నడుస్తూ దాంతో తిప్పుతారు. సీటు గొట్టంలో ఇంకో కర్ర నిలువుగా దిగ్గొట్టి బరువు ఒరగకుండా దాన్ని పట్టుకుంటారు. టైరు లోపల పాత గుడ్డ పీలికలు చుడితే ట్యూబు త్వరగా పగలదు. దియెన్ బియెన్ ఫూకి ఇలాంటివి సుమారు 20,000 నడిచాయి.

తర్వాత లారీలు వచ్చాయి. అయినా దక్షిణాన ఉన్న దళాలకు బయటినుంచి కావలసింది ఎంత? 1967 ఆగస్టులో రక్షణ మంత్రి మెక్‌నమారా సెనేట్ కమిటీకి చెప్పిన అంకె, తిండి కాకుండా, రోజుకు 15 టన్నులు. దానికి అయిదు రెట్లయినా కొద్ది లారీలు చాలని ఆయనే ఒప్పుకున్నాడు. తిండి చాలావరకు డెల్టాలోనే దొరికేది. ఎందుకు దొరికేదో కౌలు జవాబులో ఉంది. లావోస్ మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేశారు. వానలు పెంచి దారి బురద చేద్దామని మేఘమథనం కూడా చేశారు, 1967-72 మధ్య.

సైగాన్ దగ్గర గెరిల్లాలు దాక్కున్న కూ చీ సొరంగాల్లో వంట చేస్తే పొగ కనిపించేది కాదా?

పొయ్యి నుంచి పొగను నేరుగా పైకి వదలరు. నేలలో అడ్డంగా తవ్విన కాలువల్లోంచి, ఒకదాని తర్వాత ఒకటిగా ఉన్న చిన్న గదుల్లోంచి పంపుతారు. ప్రతి గదిలో కొంత చల్లారుతుంది, మసి దిగుతుంది. పొయ్యికి చాలా దూరంలో, ఆకులు కప్పిన సన్న బెజ్జాల్లోంచి పలచగా బయటికి వస్తుంది. తెల్లవారుజామున వండితే మంచులో కలిసిపోతుంది. కనిపెట్టిన వంటవాడి పేరుతో దాన్ని హోవాంగ్ కామ్ పొయ్యి అంటారు. ఫ్రెంచి యుద్ధకాలం నాటిది.

సొరంగాలు నిలిచింది మట్టి వల్ల. అది తవ్వేటప్పుడు మెత్తగా ఉండి, ఆరాక ఇటుకలా గట్టిపడే ఎర్రమట్టి. మొత్తం రెండు వందల కిలోమీటర్లకు పైనే ఉండేవి. అమెరికా 25వ డివిజన్ తన శిబిరాన్ని తెలియక ఈ ప్రాంతంలోనే కట్టుకుంది.

ఏజెంట్ ఆరెంజ్ కలుపుమందేనా?

అవును. 2,4-డి, 2,4,5-టి అనే రెండు కలుపుమందుల సగంసగం మిశ్రమం. మొదటిది ఇవాళ్టికీ మన ఎరువుల దుకాణాల్లో దొరుకుతుంది. విషం రెండోదాని తయారీలో వచ్చింది: వేడి అదుపు తప్పితే డయాక్సిన్ అనే మలినం పుడుతుంది. యుద్ధం గిరాకీకి తొందరగా తయారుచేసిన సరుకులో అది ఎక్కువ. పేరు రంగును బట్టి వచ్చింది కాదు, పీపా మీద వేసిన నారింజ పట్టీని బట్టి వచ్చింది.

1962 నుంచి 1971 దాకా అమెరికా అన్ని రకాల కలుపుమందులు కలిపి 7 కోట్ల లీటర్లకు పైగా చల్లారు. అడవుల మీదనే కాదు, పంటల మీద కూడా. అడవి చాలాచోట్ల తిరిగి వచ్చింది. పీపాలు నింపిన, కడిగిన విమానాశ్రయాల్లో మట్టి మాత్రం దశాబ్దాల పాటు విషంగానే ఉంది. దానాంగ్‌లో ఆ మట్టిని గుట్టపోసి సుమారు 335 డిగ్రీల దాకా కాల్చి శుద్ధి చేశారు, 2018లో ముగించారు. బియెన్ హోవాలో పని దీనికన్నా పెద్దది.

1968 టెట్ దాడిలో గెలిచిందెవరు?

మైదానంలో అమెరికా, టీవీలో హనోయ్. టెట్ అంటే వియత్నాం కొత్త సంవత్సరం పండగ. ఆ పండగప్పుడు సుమారు 80,000 మంది గెరిల్లాలు, ఉత్తరాది సైనికులు వందకు పైగా పట్టణాల మీద ఒకేసారి పడ్డారు. జనం తిరగబడతారనుకున్నారు, తిరగబడలేదు. దక్షిణాది గెరిల్లాలు కోలుకోలేనంత నష్టపోయారు. కానీ యుద్ధం ముగింపుకొచ్చిందని నవంబరులో చెప్పిన ప్రభుత్వం, జనవరిలో సైగాన్‌లోని తన రాయబార కార్యాలయ ఆవరణలోనే కాల్పులు చూపించాల్సి వచ్చింది. మార్చి 31న జాన్సన్ మళ్లీ పోటీ చేయనన్నాడు.

మై లాయ్ ఒక్కటేనా? కమ్యూనిస్టులు చంపలేదా?

1968 మార్చి 16న మై లాయ్‌లో అమెరికా సైనికులు చంపిన ఊరివాళ్లు వియత్నాం లెక్కలో 504 మంది. శిక్ష పడింది లెఫ్టినెంట్ కాలీ ఒక్కడికే. అంతకు కొన్ని వారాల ముందు, హ్యూ నగరం కమ్యూనిస్టుల చేతిలో ఉన్న 25 రోజుల్లో వాళ్లు చంపి పూడ్చినవారివి 2,800 దాకా శవాలు తర్వాత దొరికాయి. వియత్నాం మ్యూజియాల్లో మొదటిది వివరంగా ఉంటుంది, రెండోది కనిపించదు.

ఇంతకీ డామినోలు పడ్డాయా?

1975 ఏప్రిల్ 30న సైగాన్ పడింది. అదే ఏడాది కంబోడియా, లావోస్. అక్కడితో ఆగింది. థాయ్‌లాండ్, మలేసియా పడలేదు. అమెరికా పదేళ్లు వియత్నాంలో నిలిచి కాలం కొనిచ్చింది కాబట్టే నిలబడ్డాయని వాదించేవాళ్లు ఉన్నారు. మాకు ఆ వాదన బలంగా కనిపించదు. మలయాలో తిరుగుబాటు 1960కే అణగింది, ఇండొనేసియా కమ్యూనిస్టు పార్టీని 1965-66లో సైన్యమే ఊచకోత కోసింది. కంబోడియా విషయంలోనైతే అమెరికా బాంబుదాడులే ఆ బిళ్లను వదులు చేశాయి.

సిద్ధాంతానికి అసలు దెబ్బ తర్వాత తగిలింది. 1978 డిసెంబరులో కమ్యూనిస్టు వియత్నాం కమ్యూనిస్టు కంబోడియా మీదికి వెళ్లింది. 1979 ఫిబ్రవరి 17న కమ్యూనిస్టు చైనా వియత్నాం మీదికి వచ్చింది. అందరూ ఒకే జట్టు అన్న లెక్క మొదటినుంచీ తప్పు. అమెరికన్లు 58,000 మందికి పైగా చనిపోయారు. 1995లో వియత్నాం ప్రభుత్వం ఇచ్చిన లెక్క 11 లక్షల మంది యోధులు, 20 లక్షల మంది సాధారణ జనం. దక్షిణాది సైన్యంలో చనిపోయిన రెండు లక్షలకు పైగా మంది అందులో లేరు.

వియత్నాం పేర్లు ఎలా పలకాలి, ఎలా రాయాలి?

ఇందులో తెలుగువాళ్లం అదృష్టవంతులం. ఇంగ్లిష్ చదువరులను తిప్పలు పెట్టే తొలి అక్షరం (Ng) మన వర్ణమాలలో పనిలేక కూర్చున్న ‘ఙ’. ‘న్గుయెన్’ అనక్కర్లేదు, ఙుయెన్. ఇంటిపేరు మనలాగే ముందు వస్తుంది, పిలిచేది చివరి పేరుతో. అందుకే డియెం, (ఉత్తరాది సేనానిని) గియాప్ అంటాం. హో చి మిన్‌ను హో అనడం గౌరవంతో వచ్చిన మినహాయింపు. పత్రికల్లో డియెం, గియాప్ అని రాస్తున్నా హనోయ్ పలుకుబడిలో అవి జియెం, జాప్‌కు దగ్గర. ఇక్కడ వాడుకలో ఉన్నదే ఉంచాం.

టూరుకు వెళ్తే ఏం చూడాలి? పేలని బాంబుల ప్రమాదం ఉందా?

హో చి మిన్ సిటీలో యుద్ధ అవశేషాల మ్యూజియం, స్వాతంత్ర్య సౌధం నడిచి వెళ్లేంత దగ్గర. కూ చీలో రెండు చోట్లున్నాయి. బెన్ దిన్ దగ్గరిది, రద్దీ. బెన్ దువోక్ దూరం, ప్రశాంతం. పర్యాటకుల కోసం కొన్ని సొరంగాలను వెడల్పు చేశారు, అయినా మోకాళ్ల మీద పాకాలి. మోకాలి నొప్పి, ఆయాసం ఉన్న పెద్దవాళ్లను దింపకండి.

పాత 17వ అక్షాంశపు గీత చూడాలంటే క్వాంగ్ త్రి రాష్ట్రానికి వెళ్లాలి. బెన్ హాయ్ నది, దాని మీద హియెన్ లువాంగ్ వంతెన, ఆ ప్రాంతంలోనే విన్ మోక్ సొరంగాలు. పేలని బాంబులు దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా మిగిలిన చోట్లలో ఇదొకటి. క్లస్టర్ బాంబులోంచి రాలే గుండు క్రికెట్ బంతి కన్నా చిన్నదిగా, తుప్పు పట్టి మట్టిరంగులో ఉంటుంది. పిల్లలు బంతి అనుకునే తీస్తారు. రోజూ జనం నడిచే బాట దిగవద్దు, ఇనుప ముక్క ఏది కనిపించినా జ్ఞాపకంగా తీసుకోవద్దు, కాలితో కదపవద్దు. గైడ్‌కు చెప్పండి, వాళ్లు తీసేవాళ్లకు కబురు పెడతారు.